ఎర్ర మారుతికి మళ్ళీ రంగొచ్చింది

విశాఖ ఎండకీ ఉప్పుగాలికీ మా పాత ఎర్ర మారుతి 800 బానెట్ సున్నం పూసినట్టు తెల్లబారిపోయింది. షెడ్డువాడు మొత్తం పెయింటింగే అన్నాడు. నేను శుభ్రంగా కడిగి, అంటుకున్న మురికిని లాగేసే మట్టిముద్ద లాంటి క్లే బార్‌తో గరుకు తీసి, ఓ మూల రబ్బింగ్ కాంపౌండ్ (పైపొరని సన్నగా అరగదీసే పాలిష్ పేస్టు) రుద్ది చూశా. గుడ్డకి ఎరుపంటింది! అంటే రంగు పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పొర లేదు. ఊడేది చచ్చిన రంగే, కింద మంచిది మిగిలే ఉంది. క్లియర్ కోట్ పొరలుగా లేచిన కారుకైతే ఈ పాలిష్ దండగ.

అంచుల్లో రంగు పల్చన, అందుకే అక్కడ మాస్కింగ్ టేప్ వేశా. బానెట్ చల్లగా ఉన్నప్పుడు, నీడలోనే రుద్దాలి. ఆఖర్న పల్చగా వాక్స్. "ఆ చేత్తోనే బీరువా కూడా తుడవండి" అంది మా ఆవిడ. పిట్టరెట్ట పడితే మాత్రం ఆ రోజే కడిగేస్తున్నా. గిన్నెలు తోమే సబ్బుతో కాదు, దాంతో వాక్సూ పోతుంది.