కాటా చీటీతో దేవమాలికి

పర్లాకిమిడిలో నేను లెక్కలు రాసే రైసు మిల్లులో లారీల కాటా ఉంది. వడ్ల లారీ వచ్చినప్పుడు ఒకసారి, ఖాళీ అయి వెళ్లేటప్పుడు ఒకసారి తూస్తాం. తేడా ఎంతో అన్ని వడ్లు. పదిహేడేళ్లుగా ఈ తీసివేతే చేస్తున్నాను. అయినా మా ఆయన వెల్డింగు షాపులో తయారు చేసిన బండి గదిని ఆ కాటా మీదకు ఎక్కించాలన్న బుద్ధి మొదటి ప్రయాణం చెడ్డాక గానీ పుట్టలేదు.

మాది పాత బొలెరో క్యాంపర్. పేరులో క్యాంపర్, అంటే పడుకునే బండి, అని ఉంది గానీ అది రెండు వరుసల సీట్లు, వెనక పొట్టి తొట్టి ఉన్న పికప్పు. ఆ తొట్టిలో పడుకోవాలంటే మోకాళ్లు గడ్డానికి ఆనించుకోవాలి. అమెరికాలో ఇలాంటి పికప్పుల తొట్టిలో కూర్చోబెట్టే గదులు అమ్ముతారు. నడిచేటప్పుడు పైకప్పు దించితే పెట్టె. ఆగిన చోట లేపితే చుట్టూ గుడ్డ గోడలు విచ్చుకుని నిలబడేంత ఎత్తు వస్తుంది. కొత్తది కొనాలంటే చాలా వాటికి మన డబ్బులో పది లక్షలు దాటుతుంది. మా ఆయన రాత్రుళ్లు వీడియోలు చూసి చూసి, లక్ష లోపు నేను చేస్తానన్నారు. చేశారు కూడా. 91,400 రూపాయలు. నా పుస్తకంలో పద్దులతో సహా ఉంది.

అల్యూమినియం చదరపు గొట్టాలతో చట్రం. దుకాణాల బోర్డులకు వాడే షీట్లు, వాటి వెనక థర్మాకోల్. గుడ్డ గోడలు లారీ టార్పాలిన్లు కుట్టే అతని చేత కుట్టించాం. పైకప్పు లేపడానికి పాత కార్ల డిక్కీ తలుపులను పట్టి ఉంచే గ్యాసు కడ్డీలు నాలుగు. పరుపు సగం డ్రైవరు నెత్తి మీదకు చొచ్చుకుని ఉంటుంది. గదిని బండికి అతికించలేదు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. అందుకే అది మాకు సామాను కిందే లెక్క. నాలుగు బెల్టులు విప్పి, నాలుగు జాకీల మీద నిలబెడితే బండి కింద నుంచి బయటికి వచ్చేస్తుంది. సోమవారం నుంచి మళ్లీ షాపు ఇనుము మోస్తుంది. అలా మోయకపోతే ఈ సరదా మాకు దక్కేది కాదు.

మొదటి ప్రయాణం చంద్రగిరికి. టిబెటన్లు మొక్కజొన్న పండించే ఆ కొండల్లో, జిరాంగ్ బౌద్ధ మఠం దగ్గర ఒక రాత్రి ఉండాలని మా ఆలోచన. ఇంట్లో ఉన్నదంతా సర్దాను. సన్నికల్లు సహా. ఆయన పనిముట్ల పెట్టె పెట్టుకున్నారు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడిన పాత బ్యాటరీ తలుపు పక్కనే చివర్న ఇరికించారు. దాని ఎదురుగా నీళ్ల డబ్బాలు. ఆర్. ఉదయగిరి దాటాక ఘాటీ ఎక్కుతుంటే ఆయన ముఖం మారిపోయింది. "స్టీరింగు తేలిపోతోంది" అన్నారు. మలుపులో చక్రం తిప్పినా బండి ఒక్క క్షణం ఆలోచించుకుని గానీ తిరగడం లేదు. మఠం చూడకుండానే వెనక్కి వచ్చాం. దారి పొడవునా ఆయన టైర్లను తిట్టారు. పాపం, టైర్లు బాగానే ఉన్నాయి.

మర్నాడు మిల్లు కాటా. మొత్తం బండిని తూస్తే 540 కిలోల బరువు పెరిగింది. బండి టన్ను దాకా మోస్తుంది కదా, మరి ఏమిటి బాధ? అప్పుడు ముందు చక్రాలను మాత్రమే కాటా మీదకు ఎక్కించమన్నాను. ఖాళీ బండికి ముందు చక్రాల మీద 910 కిలోలుంటే, సామాను ఎక్కాక 850! ఐదున్నర క్వింటాళ్లు మీద పడితే ముందు భాగం బరువెక్కాల్సింది పోయి అరవై కిలోలు తేలికైంది. తొట్టి చాలా వరకు వెనక ఇరుసు వెనకే ఉంది, బరువైన సరుకంతా అందులోనూ చివర్న పెట్టాం. తూగుడు బల్ల మీద లావుపాటి పిల్లవాడు ఒక కొసన కూర్చుంటే రెండో కొస లేచినట్టు ముక్కు లేచింది.

ఆ ఆదివారమంతా తీసివేతలే. పాత బ్యాటరీ ఒక్కటే 55 కిలోలు. దాని స్థానంలో 12 కిలోల లిథియం బ్యాటరీ వచ్చింది. దాని ధర 91,400లో కలపలేదు, విడిగా రాసుకున్నాను. పనిముట్ల పెట్టె 31 కిలోలు. రెండు స్పానర్లు, ఒక కటింగు ప్లేయరు మిగిల్చాను. ఆయన పెళ్లి నాడు కూడా నన్ను అంత కోపంగా చూడలేదు. నా సన్నికల్లు తీసి పక్కన పెట్టాక శాంతించారు. నీళ్ల డబ్బాలు వెనక సీటు కాళ్ల దగ్గరికి వచ్చాయి. చివరి చీటీలో పెరిగిన బరువు 380, ముందు చక్రాల మీద 920. ఆ చీటీ పర్సులో పెట్టుకున్నాను.

జనవరిలో బయలుదేరాం. గుణుపురం వైపు పోతుంటే సవర పల్లెలు తగులుతాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే ఈ సవరల భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. మన్యపు జ్వరానికి క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. అది గుర్తుండే కిటికీల దోమజాలి విషయంలో నేను తూకం చూడలేదు.

రాయగడలో మజ్జిగౌరమ్మకు దండం పెట్టుకుని లక్ష్మీపురం ఘాటీ ఎక్కాం. మొదటి పెద్ద మలుపులో ఇద్దరం మాట్లాడుకోలేదు. బండి చెప్పినట్టు తిరిగింది. రెండో మలుపు దాటాక ఆయన ఈల వేయడం మొదలుపెట్టారు. కొరాపుట్, సునాబెడ దాటి సెమిలిగుడ సంతలో అల్లం, పసుపు బేరం చేసుకుంటూ ఒక గంట ఆగాం.

దేవమాలి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. దాని కింది పల్లెల్లో పోతుంటే ఈ దించుకునే కప్పు విలువ తెలిసింది. వీధికి అడ్డంగా ఇళ్లకు లాగిన కరెంటు తీగలు, దారి మీదకు వంగిన పనస కొమ్మలు. దించిన పెట్టె మా బండి ముందు కప్పు కంటే జానెడు ఎత్తు, అంతే. నేను ముందు నడుస్తూ చెయ్యెత్తి తీగ ఎత్తు చూశాను. నా చేతికి అందనిది పెట్టెకు తగలదు.

శిఖరం మీద కాకుండా కొంచెం దిగువన, ఊరి వాళ్లను అడిగి, చదునైన చోట ఆపాం. కప్పు లేపుతుంటే ఒక ముసలాయన మేకలతో వచ్చి నిలబడ్డాడు. ముందు ముక్కు భాగం లేచి, తర్వాత వెనక భాగం లేచి, గుడ్డ గోడలు టపటపమని సాగాయి. అంతా అయ్యేదాకా చూసి, అక్కడి కొండల యాస దేశియా ఒడియాలో అడిగాడు:

"ఏమి అమ్ముతారమ్మా?"

"ఏమీ అమ్మం తాతా. ఇందులో పడుకుంటాం."

"ఇల్లు లేదా?"

"ఉంది. పర్లాకిమిడిలో."

ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఇల్లుండీ ఇక్కడికి వచ్చి చలిలో పడుకునే వాళ్లను ఏమనాలో తోచలేదేమో. పొద్దున మండియా, అంటే రాగి, అంబలి పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

స్టవ్వు బయటే పెట్టాం. మూసిన గదిలో వెలిగిస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో ముప్పావు గంట కుతకుతలాడినా పలుకు పలుకుగానే ఉంది. మూడు కిలోలు మిగిలిందని కుక్కరును ఇంట్లో వదిలింది నేనే. ఆయన ఒక్క మాటా అనలేదు. పనిముట్ల పెట్టె అని కూడా అనలేదు. ఆ మంచితనమే భరించలేకపోయాను.

అర్ధరాత్రి గాలి లేచింది. గుడ్డ గోడలు తెరచాపల్లా ఉబ్బి కొట్టుకుంటున్నాయి. ఆయన లేచి బండి ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, కప్పు సగానికి పైగా దించేశారు. ఆ ఎత్తులో కూర్చోవడానికి లేదు, దొర్లడానికి ఉంది. చప్పుడు తగ్గింది. చలికని కిటికీలన్నీ బిగించాం. తెల్లవారి కళ్లు తెరిస్తే కప్పు లోపలి షీటు నిండా నీటి చుక్కలు. ఒకటి సరిగ్గా నా కనురెప్ప మీద పడింది. వాన కాదు, మేమిద్దరం రాత్రంతా విడిచిన ఊపిరే. రెండు తువ్వాళ్లు పిండాల్సి వచ్చింది. రెండో రాత్రి ఎదురెదురు కిటికీలు రెండేసి వేళ్లు తెరిచి ఉంచాం. కాళ్లు చల్లబడ్డాయి గానీ కప్పు పొడిగా ఉంది.

అంబలి వచ్చింది. ముసలాయన మనవరాలు సొరకాయ బుర్రలో తెచ్చి, నిచ్చెన ఎక్కి పరుపు మీద అటూ ఇటూ రెండుసార్లు దొర్లి దిగిపోయింది.

ఇంటికి రాగానే ఆయన బండిని తిన్నగా మిల్లు కాటా మీదకు తీసుకెళ్లారు. నీళ్లు 40 కిలోలు అయిపోయాయి. గ్యాసు, బియ్యం కొంత తగ్గాయి. కాబట్టి 340 దగ్గర ఉండాలి. చీటీలో 371 అని వచ్చింది. ఆయన చీటీని రెండు వేళ్లతో పట్టుకుని, "ఈ ముప్పై కిలోలు ఎవరివి?" అన్నారు.

పరుపు కింద అల్లం బస్తా, పసుపు మూట ఉన్నాయి. కొరాపుట్ ధరకు పర్లాకిమిడిలో దొరుకుతాయా? వాటిని ప్రయాణం పద్దులో కాకుండా ఇంటి ఖర్చులో రాశాను.