1:24లో మా వాటర్ ట్యాంకర్ లారీ: చాసీ నిలబడింది, ట్యాంకు కుదిరింది

మా పెదనాన్న దగ్గర ఒక టాటా 1210 ఎస్‌ఈ ఉంది. షెడ్డు హైదరాబాద్ ఆటోనగర్‌లో. ఒకప్పుడు ఇటుక, ఇసుక తోలిన బండి. ఇప్పుడు 5,000 లీటర్ల ట్యాంకు మోస్తూ హయత్‌నగర్ వైపు కట్టుబడి పనులకు బోరు నీళ్లు పోస్తోంది. దాన్నే 1:24 కొలతలో, అంటే అసలుకి 24వ వంతు సైజులో, మోడల్‌గా చేస్తున్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా కాదు, ఇవాళ పనికి వెళ్తున్న బండి ఎలా ఉందో అలా.

ఈ కొలతలో ఇటలేరి, రెవెల్ కంపెనీల మోడల్ కిట్లు దొరుకుతాయి. వాటిలో ఎక్కువ యూరప్, అమెరికా బండ్లే. మన ముక్కు లారీ కావాలంటే ప్లాస్టిక్ షీటు కోసి చేసుకోవాల్సిందే. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్), డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక ముందున్న బెంజ్ నక్షత్రం గుర్తు పోయి టాటా గుర్తు వచ్చింది. ఆ వంశంలోదే మా బండి. 1210లో 12 అంటే లోడుతో కలిపి 12 టన్నులు, 10 అంటే సుమారు వంద హార్స్‌పవర్. ట్యాంకు 5,000 లీటర్లే ఎందుకో ఆ 12 చెప్తుంది. పది వేల లీటర్లంటే నీళ్లే పది టన్నులు, బండి సొంత బరువుకి చోటుండదు.

చాసీ, కమాన్ కట్టలు

వీల్‌బేస్ 4,225 మి.మీ., మోడల్లో 176. చాసీ పట్టాలు 1 మి.మీ. పాలీస్టైరీన్ షీటుతో. మూడు పట్టీలు కోసి సి-ఛానల్‌లా అతికించాను. అతకడానికి ఎం.ఈ.కె. అనే, ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే సాల్వెంట్. సన్న బ్రష్‌తో అంచున తాకిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ వాసన తలకెక్కుతుంది. రివెట్లకు టైలర్లు వాడే పళ్ల చక్రం తీసుకున్నాను. షీటు వెనక వైపు స్కేలు ఆనించి దొర్లిస్తే ముందు వైపు వరసగా బొడిపెలు లేస్తాయి. పట్టీలు అతికించక ముందే ఈ పని అయిపోవాలి.

అన్నిటికంటే ఇష్టంగా చేసింది కమాన్ కట్టలు, అంటే యాక్సిల్ మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలు. అసలు పట్టీ 70 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం. అంటే 0.5 మి.మీ. షీటులోంచి 3 మి.మీ.కి కొంచెం తక్కువ వెడల్పున పట్టీలు కోయాలి. వేడి నీళ్లలో ముంచి సీసా చుట్టూ చుడితే వంపు వస్తుంది. నేను కింద పడుకుని టార్చి వేసి పట్టీలు లెక్కపెడుతుంటే డ్రైవరన్న వంగి చూపించాడు: "ఎడమ దిక్కు మూడోది ఇరిగితే కొత్తది ఏసినం తమ్మీ. అది జర మందం ఉంటది, చూస్కో." నిజమే, అదొక్కటే మందం. మోడల్లో కూడా ఆ ఒక్కటి 0.75 షీటుతో వేశాను.

ఇంకో సంగతి బండి నిలబడే తీరు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం లేచి ఉంటుంది, ట్యాంకు నిండితే దిగుతుంది. యాక్సిల్‌కీ చాసీకీ మధ్య సందు రెండుసార్లూ టేపుతో కొలిచాను. తేడా సుమారు 70 మి.మీ., అంటే మోడల్లో 3. చూపుకి ఆ 3 మి.మీ. చాలా పెద్దది. షెల్ఫ్ మీద చాలా మోడళ్లు బొమ్మల్లా కనిపించడానికి సగం కారణం, మీద లోడు పెట్టినా కింద కమాన్లు ఖాళీ బండివి కావడమే. నాది నిండు ట్యాంకు. కట్టలు దాదాపు చదునుగా ఉంచి, టైర్ల అడుగున కొద్దిగా గీకి చదును చేశాను.

టైర్లు

9.00-20 నైలాన్ టైరు ఎత్తు సుమారు 1,020 మి.మీ., మోడల్లో 42.5. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో నైలాన్ రాడ్ మీద రెండు మాస్టర్లు (అచ్చు తీయడానికి నమూనాలు) తిప్పించాను. ముందు చక్రాలకు గీతల టైరు, వెనక జోడీలకు బ్లాకుల టైరు. సిలికాన్ అచ్చులో రెసిన్ పోసి స్టెప్నీతో కలిపి ఏడు తీశాను. వాక్యూమ్ పంపు లేకపోయినా ఫర్వాలేదు, సిలికాన్‌ని ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తే బుడగలు చాలావరకు పోతాయి. రిమ్ముకి లాక్ రింగు (టైరుని పట్టి ఉంచే ఇనుప రింగు) గీత మరవకండి. పాత లారీ అని చెప్పే గుర్తు అదే.

ట్యాంకు

కోడిగుడ్డు ఆకారపు ట్యాంకు ఎలా చేయాలా అని చాలా టెన్షన్ పడ్డాను. అసలుది 3 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.2 ఎత్తు. మోడల్లో 125, 75, 50 మి.మీ. ఆ 75-50 దీర్ఘవృత్తం చుట్టుకొలత లెక్కేస్తే 198 మి.మీ. వచ్చింది. 63 మి.మీ. పీవీసీ పైపు చుట్టుకొలత కూడా అదే! రాణిగంజ్‌లో ముక్క కొని, మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడగానే రెండు చెక్కల మధ్య 50 మి.మీ.కి బిగించి అలాగే చల్లారనిచ్చాను. ఆకారం నిలిచింది. మంట మీద మాత్రం పీవీసీని కాల్చొద్దు, ఆ పొగ విషం. రెండు చివరల మూతలు స్టైరీన్‌వి, ఆరల్డైట్‌తో అతికాయి. వెనక గొట్టానికి కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 3 మి.మీ. వైరు స్లీవు సరిపోయింది.

ప్రైమర్ పొద్దున్నే కొడుతున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే రంగు గాలిలోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. వానాకాలం లాకర్ రంగు స్ప్రే కొడితే తేమకి తెల్లగా మసకబారుతుంది.

అసలు బండి సంగతి

"మ్యూజియంలా దాచుకోవచ్చుగా" అని అడుగుతుంటారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన టూవీలర్లకు, కార్లకే, లారీలకు వర్తించదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన బండ్ల ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరిగింది. కాబట్టి మా బండి రోడ్డు మీద ఉండాలంటే ఏటా ఫిట్‌నెస్ పాస్ కావాలి, ఆ ఖర్చు అదే సంపాదించాలి. నాకైతే ఇదే బాగుందనిపిస్తుంది. నడిచే బండికి గ్రీజు అందుతుంది, సీళ్లు ఎండిపోవు, డీజిల్ పాతబడదు. పనికి పోని వారాల్లో కూడా పెదనాన్న స్టార్ట్ చేసి ఇంజను బాగా వేడెక్కేదాకా ఉంచుతారు. ఎక్కువ రోజులు ఆగితే యాక్సిళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి టైర్ల మీద బరువు తీసేస్తారు. డీజిల్ అయిపోయి డీజిల్ పైపులో గాలి పట్టిందంటే, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టడమే. నేనూ నేర్చుకున్నాను.

ఇక క్యాబిన్. ఎస్‌ఈ అంటే సెమీ ఫార్వర్డ్, ఇంజను సగం లోపలికి వస్తుంది. డ్రైవరుకీ క్లీనరుకీ మధ్య ఆ గూడు కొలతలు ఇంకా తీసుకోవాలి. ఎండలు ముదిరితే బండి షెడ్డులో దొరకదు, ఈ ఆదివారమే టేపు పట్టుకుని వెళ్తున్నాను. ట్యాంకు మీద రాతలకు డెకాల్ (ప్రింటు చేసి అతికించే పల్చటి స్టిక్కరు) వద్దనుకున్నాను. మామూలు ఇంక్‌జెట్‌లో తెలుపు రాదు, మా ట్యాంకు నీలం మీద తెల్ల అక్షరాలు. అసలు బండి మీద రాసిన ఆటోనగర్ పెయింటర్‌నే అడిగాను. అక్షరం 6 మి.మీ. అన్నాను. బాగా సన్నది, ట్రిపుల్ జీరో బ్రష్ తెచ్చుకోమన్నాడు.