వామనగుంటలు, వీడియో కాల్

మా మనవరాలు డల్లాస్‌లో ఉంటుంది, పదకొండేళ్లు. "అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా" అని అడగ్గానే "ఆ తాతయ్యా" అనేసి ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చేసేది. తప్పు నాదేలెండి, ప్రతి ఆదివారం అవే రెండు ప్రశ్నలు, పోలీసు విచారణలాగా!

ఓసారి అటక మీంచి మా అమ్మ వామనగుంటల పీట దించి తుడుస్తుంటే వీడియోలో చూసి అదేంటని అడిగింది. వరసకి ఏడు చొప్పున 14 గుంటలు, చింతపిక్కలు, పంచుకుంటూ పోవడం, అన్నీ చెప్పాను. వాళ్ళింట్లో పీట ఎక్కడిది? డజను గుడ్ల అట్ట ఒకటి తీసుకుని, చివర చెరో కప్పు పెట్టి, రాజ్మా గింజలు పోసింది. తన ఎత్తులు నా పీట మీద, నా ఎత్తులు తన అట్ట మీద కూడా వేసుకుంటూ ఇప్పుడు గంటసేపు ఆడుతున్నాం.

నవంబర్‌లో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారని మర్చిపోయి, ఎప్పట్లాగే ఉదయం 8కే పీట ముందేసుకుని కూర్చుంటే కాల్ 9కి వచ్చింది, ఈలోగా నాకు ఒకటే టెన్షన్. వచ్చీ రాగానే "తాతయ్యా, నా గింజలు తక్కువ లెక్కపెట్టావ్" అని దబాయింపు. నిజమే, పోయిన వారం ఒకటి నొక్కేశాను.