గుట్ట మీది కాపురాలు

రోమ్‌కు ఉత్తరాన గుట్టల మీద కట్టుకున్న పాత ఊళ్లను చూడటానికి నేను రోమ్‌లోనే మకాం పెట్టి, పొద్దున్నే ప్రాంతీయ రైలెక్కి, రాత్రికి తిరిగి వచ్చేదాన్ని. ఒంటరిగా తిరిగేవారికి ఈ పద్ధతి చాలా అనువైనది. సామాను మోసే పని ఉండదు, నచ్చిన చోట ఎంతసేపైనా నిలబడిపోవచ్చు. స్టేషన్‌లో దిగి తలెత్తి చూసిన ప్రతిసారీ నా మనసులో మెదిలిన ప్రశ్న ఒక్కటే: పొలాలు, దారులు, పారే నీళ్లు అన్నీ కిందే ఉండగా వీళ్లు అంత ఎత్తున కాపురం ఎందుకు పెట్టారు, ఆ కాపురాన్ని నిలుపుకోవడానికి ఎన్ని పాట్లు పడ్డారు?

మొదట వెళ్లిన ఒర్వియెతోలో ఈ ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఇది పల్లె కాదు, పట్టణమే. అయితే చుట్టుపక్కల గుట్టల మీది ఊళ్ల కథ దీనితోనే మొదలవుతుంది. అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన టఫ్ రాయి ఇక్కడ నలువైపులా నిట్టనిలువుగా తెగి, ప్రకృతే కట్టిన కోటగోడలా నిలిచింది. రోమన్ల కంటే ముందే, ఈ ప్రాంతంలో బతికిన ఎత్రుస్కన్లు అనే ప్రాచీన జాతివారు దాని మీద నగరం కట్టారు. స్టేషన్ ఎదుటి నుంచి తాడుతో లాగే చిన్న రైలు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. పైన రైలు దిగిన చోటికి దగ్గరలోనే సాన్ పత్రీసియో బావి ఉంది. 1527లో చక్రవర్తి ఐదవ చార్లెస్ సేనలు రోమ్‌ను దోచుకున్నప్పుడు పోపు ఏడవ క్లెమెంట్ అక్కడి నుంచి తప్పించుకుని ఈ గుట్టెక్కాడు. శత్రువు ముట్టడిస్తే రాయి కాపాడుతుంది కానీ దాహం తీర్చదు కదా అనే భయంతో ఆయన తవ్వించిన ఈ బావిని, ఆంతోనియో ద సంగాల్లో అనే వాస్తుశిల్పి రచన ప్రకారం, 1537లో పూర్తి చేశారు.

మన దిగుడుబావుల్లో మెట్లు నీటి వరకు తెరిచి ఉంటాయి; ఇక్కడ మాత్రం బావి చుట్టూ గోడలోనే రెండు మెట్ల దారులు ఒకదానిపై ఒకటి మెలి తిరుగుతూ దిగుతాయి. ఒక దారిన దిగిన కంచర గాడిద అడుగునున్న చిన్న వంతెన దాటి, నీళ్లతో రెండో దారిన ఎక్కిపోతుంది. దిగేదానికీ ఎక్కేదానికీ ఎక్కడా ఎదురుపడే పని లేదు. మెట్లు 248. పశువుల కాళ్లకు తగినట్టుగా ప్రతి మెట్టూ వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటుంది. దిగుతున్నంతసేపూ లోపలి గోడకున్న కిటికీల నుంచి వెలుతురు వస్తూ, రానురాను పలచబడుతుంది. యాభై మీటర్లకు పైగా దిగి చల్లని నీటి పక్కన నిలబడి పైకి చూసినప్పుడు, ఎత్తున బతకడమంటే రోజూ ఇంత లోతు దిగడమేనని నా కాళ్లకే తెలిసింది.

1290లో మొదలైన ఇక్కడి పెద్ద చర్చి గురించి చెప్పాలంటే మరో వ్యాసం కావాలి. ఒక్క సంగతి మాత్రం ముందు చెప్పబోయేదానికి అవసరం. 1263లో దగ్గరలోని బోల్సేనాలో ఒక మతాచార్యుడు పూజ చేస్తుండగా పవిత్రమైన రొట్టె నుంచి రక్తం చిందిందని విశ్వాసం. ఆ మరకలున్న వస్త్రం ఈ చర్చిలోనే ఉంది. మరుసటి ఏడు పోపు నాలుగవ అర్బన్ ఒర్వియెతో నుంచే, ఆ పవిత్రమైన రొట్టెను క్రీస్తు శరీరంగా కొలిచే కోర్పుస్ దోమిని పండుగను ప్రకటించాడు.

చివితా ది బాన్యోరేజోకు ఒర్వియెతో నుంచి బస్సులో దాదాపు గంట పట్టింది. బస్సు ఇవతలి ఊరైన బాన్యోరేజో దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి నడక. ఊరి చివర దారి మలుపు తిరగగానే, బూడిదరంగు బంకమట్టి లోయ నడుమ, ఒక రాతి దిమ్మె మీద ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తాయి. అక్కడికి వెళ్లే దారి 1965లో కట్టిన సన్నని కాంక్రీటు వంతెన ఒక్కటే. కార్లు పోవు, వృద్ధులకు చివరి ఎక్కుడు కష్టం.

ఈ ఊరికి శత్రువు కాళ్ల కిందే ఉంది. పైన టఫ్, కింద బంకమట్టి. వానలూ వాగులూ కింది మట్టిని కోసుకుపోతుంటే పైనున్న రాయి ఆధారం తప్పి పెళ్లలుగా ఊడిపడుతుంది. 1695 నాటి భూకంపం తరువాత జనం ఇవతలి బాన్యోరేజోకు తరలిపోవడం ఎక్కువైంది. పదమూడవ శతాబ్దంలో ఇక్కడే పుట్టిన సెయింట్ బొనవెంచర్ ఇల్లు కూడా ఏనాడో లోయ పాలయింది. ద్వారం దాటి కొంచెం ముందుకు వెళ్లగానే ఒక అందమైన మేడ ముందుగోడ, దానికి వరుసగా కిటికీలు కనిపించాయి. ఒక కిటికీలోంచి చూస్తే గది లేదు, పైకప్పు లేదు. ఆకాశం, దాని కింద లోయ. మేడ మొత్తం జారిపోయి వీధి వైపు గోడ ఒక్కటే మిగిలింది. నేను అక్కడ నిలబడినంతసేపు మరెక్కడా నిలబడలేదు.

ఏడాది పొడుగునా ఇక్కడ నివసించేవారు పట్టుమని ఇరవై మంది కూడా ఉండరు. 2013 నుంచి సందర్శకుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. ఊళ్లోకి అడుగు పెట్టడానికి టికెట్టు ఏమిటని విసుక్కునేవారిని వంతెన దగ్గర చూశాను. నాకు మాత్రం అది పూర్తిగా న్యాయమనిపించింది. జారిపోతున్న ఊరిని నిలబెట్టే ఖర్చును ఆ కొద్దిమంది నెత్తిన వేసి, చూడటానికి మాత్రం వేలమందిమి రావడం తగదు. అయినా మధ్యాహ్నానికి చౌకు నిండా మాలాంటి యాత్రికులమే. ఊరివాళ్లు ఎవరో నేను గుర్తుపట్టలేకపోయాను. ఆ దిగులు రైలెక్కేవరకూ వదలలేదు.

దానికి విరుగుడు స్పెల్లోలో దొరికింది. సుబాసియో కొండ వాలున, ఆ కొండ రాయితోనే గులాబీ ఛాయలో కట్టిన ఊరిది. రోమన్ల నాటి కొన్సొలారే ద్వారం కిందుగా ఊరి జనం ఇప్పటికీ సంచులు పట్టుకుని అంగళ్లకు పోయివస్తుంటారు. సాంత మరియా మజ్జోరే చర్చిలో పింతురిక్యో 1501లో పూర్తి చేసిన కుడ్యచిత్రాలు చూసి బయటికి వచ్చి, ఒక సందులో తలుపు తీసి ఉన్న కింది గది ముందు ఆగిపోయాను. పెద్దావిడలు, పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని పూలు విప్పుతున్నారు. ఒకావిడ గసగసాల జాతి ఎర్రపూల రేకులను బొటనవేలితో ఒడుపుగా లాగి ఒక డబ్బాలో వేస్తోంది, కాడలను కింద పడేస్తోంది. పక్కన మరో డబ్బాలో కొండ మీద కోసి తెచ్చిన పసుపు పూలు, ఇంకొక దానిలో సన్నగా తరిగిన సోపు ఆకు. కోర్పుస్ దోమిని దగ్గరికొచ్చింది. ఆ శనివారం రాత్రంతా ఊరివాళ్లు వీధుల్లో పూరేకులతో తివాచీల్లాంటి చిత్రాలు పరుస్తారు. ఆకులు, పూలు, గింజలే తప్ప రంగులు కలపకూడదు. ఆదివారం ఉదయం ఊరేగింపు వాటి మీదుగానే సాగుతుంది. ఒర్వియెతో నుంచి వెలువడిన పండుగ ఏడున్నర శతాబ్దాల తరువాత ఈ గదిలో పిల్లల చేతుల్లో ఉంది. పెద్దావిడ కుర్చీ జరిపి నా ముందు గుప్పెడు పూలు పోసింది. భాష రాకపోయినా పని వచ్చింది. అనుకున్న రైలును వదిలేసి తరువాతి దానికి వెళ్లాను.

ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక మాట. ఒర్వియెతో నుంచి బాన్యోరేజోకు ఆదివారం బస్సులు ఉండవు కనుక చివితాకు మిగతా రోజుల్లోనే, అదీ మొదటి బస్సుకే వెళ్లండి. కోర్పుస్ దోమిని ఇటలీలో ఈస్టర్ తరువాత తొమ్మిదవ ఆదివారం వస్తుంది. ఆ సమయానికి అక్కడ ఉంటే మాత్రం నాలా సాయంత్రానికి తిరిగి రాకుండా, ముందుగానే గది చూసుకుని శనివారం రాత్రి స్పెల్లోలోనే ఉండండి.