ఆకులు పచ్చబడినాయి, ఏ పచ్చ అని మాత్రం అడక్కండి

జూన్ 14, ఆదివారం. ఈ ఉదయం గుండుమల్లెల మూడో కుండీలో కొత్త చిగురు చూశాను, నాలుగాకులూ ఆకుపచ్చ. పసుపుపచ్చ కాదు, అసలు పచ్చ! ఈ ఒక్క ముక్క రాద్దామనే కూర్చున్నా, కానీ దీని వెనకున్న మూడు నెలల తలనొప్పి కూడా కక్కేయకపోతే నాకు నిద్ర పట్టదు.

మిగతావన్నీ బాగున్నాయి. కనకాంబరం ఆగకుండా పూస్తోంది, నందివర్ధనానికి నా అవసరమే లేదు, శంఖుపూల తీగ పక్కింటివాళ్ళ డిష్ యాంటెన్నా ఎక్కేసింది. అంతే.

ఏడిపించింది గుండుమల్లె. సంక్రాంతికి ముందు కడియం మొక్కల లారీ వచ్చినప్పుడు 80 రూపాయల చొప్పున మూడు కొన్నాను. 12 అంగుళాల కుండీలు, సగం ఎర్రమట్టి, పావు పశువుల ఎరువు, పావు కోకోపీట్. ఫిబ్రవరి దాకా కళకళలాడాయి. మార్చిలో పైన వచ్చే చిగుళ్ళు పాలిపోవడం మొదలైంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మధ్యలో అంతా పసుపు, ఆకు మీద ఆకుపచ్చ దారంతో వల అల్లినట్టు. ఏప్రిల్ చివరికి కొత్త ఆకు పుట్టడమే దాదాపు తెల్లగా పుట్టేది, వారంలో అంచులు మాడిపోయేవి. గణుపుకీ గణుపుకీ మధ్య సెంటీమీటరు కూడా లేదు, స్కేలు పెట్టి కొలిచాను. ఊరంతా మల్లెలు అమ్ముతున్న మే నెలలో మా మూడు మొక్కలకీ కలిపి 17 మొగ్గలు, అందులో ఆరు విచ్చకముందే రాలిపోయాయి. అత్తమ్మ రోజూ పొద్దున్నే మిద్దె మీదికొచ్చి లెక్కపెట్టి కిందికి దిగేది, ఒక్క మాట అనకుండా. అంటేనే బాగుండేది.

నేను చేసిన వైద్యాలు వరసగా. మొదట, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని తగ్గించాను, మొక్క వాలిపోయింది. తర్వాత బలం చాల్లేదేమో అని శనక్కాయ చెక్క నానబెట్టిన నీళ్ళు పోశాను, ఈగలొచ్చాయి. తర్వాత ఎప్సమ్ సాల్ట్. ఈ ఎప్సమ్ సాల్ట్ సంగతి ఒకటి చెప్పాలి, ఏ వీడియో చూసినా ఆకు పసుపైతే ఇదే వేయమంటారు, అందులో ఉండేది మెగ్నీషియం, అది తక్కువైతే కింద ముదురాకులు ముందు పసుపవుతాయి, నా మొక్కకి కింద ఆకులు బాగానే ఉండి పైన చిగురు చెడింది. ఈ తేడా తెలియడానికి నాకు నెల పట్టింది. తుప్పు మేకులు గుచ్చమన్నారు ఒకరు, అదీ చేశాను, సిగ్గెందుకు.

చివరికి కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉండే మా మామకి ఫోన్ చేశా. "ఆకులు పచ్చబడినాయి మామా" అన్నా. "మంచిదే కదా పాపా, దానికెందుకు ఏడుస్తావు?" అన్నాడు. ఆ పచ్చ కాదు మామా అని రెండు నిమిషాలు వివరించాక, "ఓ, తెల్లబారిందా! శనక్కాయ చేనికి వస్తుంది కదా, అన్నభేది కొట్టు" అని తేల్చేశాడు. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). అనంతపురంలో పుట్టి, చుట్టూ శనక్కాయ చేలు చూస్తూ పెరిగి, మల్లె రోగానికి శనక్కాయ మందు పనికొస్తుందని తట్టలేదు చూడండి.

అన్నభేది కిలో 60 రూపాయలకే వచ్చింది, లేత ఆకుపచ్చ పలుకులు, చూడ్డానికి కలకండలా ఉంటాయి. బకెట్లో బోరు నీళ్ళు పట్టి అందులో వేశాను. అరగంటలో నీళ్ళు తుప్పు రంగుకి తిరిగి, అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుని, స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోయింది. మా బోరు నీళ్ళలో అది నిలవదు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి ఆ తర్వాతే అన్నభేది వేయాలి, అప్పుడు నీళ్ళు లేత ఆకుపచ్చగానే ఉంటాయి. ఇది తెలిసి రెండోసారి సరిగ్గా కలిపి, 41 డిగ్రీల ఎండలో పదకొండు గంటలకి కొట్టాను. ఆకుల మీద నల్ల మచ్చలు. ఆరేసిన అత్తమ్మ తెల్లచీర మీద కూడా మచ్చలు, అవి ఇప్పటికీ పోలేదు. మూడోసారి సాయంత్రం ఆరు దాటాక కొట్టాను. పది రోజుల్లో, చుక్క పడినచోటల్లా పచ్చ వచ్చింది, పడనిచోట పసుపే, ఆకు చిరుతపులిలా తయారైంది. ఆ తర్వాత వచ్చిన చిగురు మళ్ళీ పసుపే!

అప్పుడనిపించింది, పైన మందు కొడుతున్నా గానీ రోగం కింద ఉందని. కుండీ అంచుకి పట్టిన తెల్లపొర గోరుతో గీకి స్టీలు గిన్నెలో వేసి నిమ్మ ఉప్పు నీళ్ళు రెండు చుక్కలు వేశాను. సోడాలా బుసబుసా పొంగింది. సున్నం. ఎర్రమట్టికి ఎరుపు వచ్చేదే ఇనుము వల్ల, కానీ సున్నం ఎక్కువైతే ఆ ఇనుము కరగదు, వేరుకి అందదు, విస్తరి ముందు కూర్చోబెట్టి చేతులు కట్టేసినట్టు. అలాంటి మట్టిలో నేను మేకులు గుచ్చాను.

250 పెట్టి టీడీఎస్ మీటర్ కొన్నా, లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగున్నాయో చూపిస్తుంది. బోరు నీళ్ళు 980. ఇక అసలు విషయం. ఎండాకాలం నీళ్ళు వృథా చేయకూడదని మార్చి నుంచి వంటింటి ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళన్నీ బకెట్లో పట్టి మల్లెలకే పోస్తున్నాను, పైగా నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ నీళ్ళ టీడీఎస్ 1370. మనం తాగే నీళ్ళలోంచి తీసేసిన ఉప్పూ సున్నమూ అంతా అందులోనే కదా ఉంటుంది! పొద్దున లీటరున్నర, సాయంత్రం లీటరున్నర, రెండున్నర నెలలు. ఆకు పసుపైంది మార్చిలోనే ఎందుకో అప్పుడు అర్థమైంది.

మే 20 నుంచి మూడు మల్లెలకీ ఆర్వో వదిలేసే నీళ్ళు బంద్. మొదటి కుండీకి మామూలు బోరు నీళ్ళు, పది రోజులకోసారి అన్నభేది స్ప్రే. రెండోదానికి ఏసీ నీళ్ళు మాత్రమే, టీడీఎస్ 20 లోపే గానీ మా ఊరి పొడిగాలికి రాత్రంతా ఏసీ వేసినా మూడు లీటర్లు దాటదు, ఆ ఒక్క కుండీకే సరి. మూడోదానికి పది లీటర్ల బోరు నీళ్ళలో 4 గ్రాముల నిమ్మ ఉప్పు, పేపరు ముంచి చూస్తే పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని) 8 నుంచి 6.5కి దిగింది, దాంతోపాటు మొదట్లో ఒక్కసారి మట్టిలో, సున్నం ఉన్నా వేరుకి అందే ఇనుము మందు, ఈడీడీహెచ్‌ఏ ఐరన్ 2 గ్రాములు. కొనేటప్పుడు పాకెట్ మీద ఏం రాసుందో చూసుకోండి, ఉత్త "చిలేటెడ్ ఐరన్" అని అంటగట్టేవి ఎక్కువగా ఈడీటీఏ, 12 శాతం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది సున్నపు మట్టిలో నిలవదు. ఈడీడీహెచ్‌ఏలో 6 శాతమే, ధర ఎక్కువ, కానీ మన నీళ్ళకి అదే దిక్కు. నీళ్ళలో కలిపితే బీట్‌రూట్ రసంలా ఎర్రగా అవుతుంది, చేతికంటితే రెండు రోజులు పోదు.

25 రోజుల లెక్క: మొదటిది ఇంకా చిరుతపులే, కొత్త కొమ్మ 2 సెంటీమీటర్లు. రెండోది లేతపచ్చకి వచ్చింది, 5 సెంటీమీటర్లు. మూడోది 9 సెంటీమీటర్లు, ఆకులు మెరుస్తున్నాయి. గెలిచింది నిమ్మ ఉప్పా ఐరనా అంటే తేల్చలేను, రెండూ ఒకేసారి వేసిన తెలివి నాది. నా అనుమానం ఐరన్ మీదే, ఎందుకంటే ఎనిమిదో రోజుకే రంగు తిరిగింది. రేపటి నుంచి మొదటి కుండీకి నిమ్మ ఉప్పు నీళ్ళు మాత్రమే పోసి చూస్తా.

పూలు ఈ ఏడాదికి ఆశ వదిలేశాను. నవంబరు చివర్లో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, అడుగున్నర ఎత్తులో కత్తిరిస్తా. కత్తెర ఫాల్కన్‌ది కొన్నా, ఇంతవరకు వంక పెట్టలేదు. మట్టి మీద శనక్కాయ పొట్టు రెండంగుళాలు పరిచాను, సాయంత్రం నీళ్ళు సగానికి తగ్గాయి, అది ఇక్కడ ఊరికే దొరుకుతుంది, కొబ్బరి చిప్స్ అని డబ్బులు పెట్టేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది.

అసలు ప్లాన్ వాన నీళ్ళు. మెట్ల గది పైకప్పు 200 చదరపు అడుగులు, 20 మిల్లీమీటర్ల వాన పడితే 350 లీటర్ల పైమాటే. మాకు పెద్ద వానలు సెప్టెంబరులో గానీ రావు, కానీ జూన్‌లో పడే ఒక్క మంచి వాన పట్టుకున్నా 200 లీటర్ల డ్రమ్ము నిండుతుంది, మూడు మల్లెలకి మూడు వారాలు. డ్రమ్ము తెచ్చి పెట్టాను. కొళాయి బిగించాల్సిన ప్లంబరు మాత్రం రేపొస్తా అంటున్నాడు, బుధవారం నుంచి.