వేలాడే స్తంభం, మా హేతువాది బావ

తెలుగులో హేతువాది అంటే దేవుడు లేడనేవాడు. అంతే, ఇంకో అర్థం ఎవరికీ తట్టదు. మా బావ అలాంటి హేతువాదే. అనంతపురంలో ఫిజిక్స్ చెప్తాడు, ఇంట్లో పూజ జరుగుతుంటే వరండాలో కూర్చుని పేపర్ చదువుకుంటాడు, ప్రసాదం మాత్రం రెండుసార్లు పెట్టించుకుంటాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన చెప్పేవాటిలో సగం నాకూ నిజమే అనిపిస్తాయి. నాకు తిక్క పుట్టించేది ఒక్కటే, హేతువు అనే మాట మొత్తం తన సొంత ఆస్తి అయినట్టు మాట్లాడతాడు. యూరప్‌లో హేతువాదులు అని పేరు పడిన డేకార్ట్, లైబ్నిజ్ ఇద్దరూ దేవుడు ఉన్నాడని వాదించినవాళ్లే, అదీ మతగ్రంథం చూపించి కాదు, బుర్రతో. పైగా లైబ్నిజ్ అంటే ఎవరో కాదు, బావ క్లాసులో బోర్డు మీద రాసే కాలిక్యులస్‌ని న్యూటన్‌తో సంబంధం లేకుండా తనంతట తాను కనిపెట్టిన మనిషి.

పోయిన నెల అందరం లేపాక్షి వెళ్లాం. హిందూపురంలో బస్సు దిగి, ఇంకో బస్సు ఎక్కి, ఎండలో చెమటలు కక్కుకుంటూ వీరభద్రస్వామి గుడికి చేరాం. అక్కడ అందరూ చేసే పనే మేమూ చేశాం, వేలాడే స్తంభం కింద అక్క తన చున్నీ ఒక పక్క దూర్చి ఇంకో పక్క లాగింది. ఒక మూల తగిలీ తగలనట్టు ఉంటుందంటారు గానీ గుడ్డ మాత్రం బాగానే వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు దండం పెట్టుకున్నారు. బావ నవ్వాడు.

"ఏం బామ్మర్దీ, గుడ్డ దూరిందని దేవుడున్నట్టా? ఇది పైకప్పును పట్టుకోని వేలాడుతుండాది. కప్పు బరువు పక్క స్తంభాలు మోస్తుండాయి. అంతే కథ."

కథ నిజంగా అంతే. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. కానీ ఆ మాట నా చెవిలో పడగానే, నేను రెండేళ్లుగా అర్థం చేసుకోవాలని కుస్తీ పడుతున్న వాదన మొత్తం కళ్ల ముందు నిలబడింది. సరే బావా, ఈ స్తంభం వేలాడుతోంది, పక్కది మోస్తోంది. పక్కది కూడా వేలాడేదే అయితే? దాని పక్కది కూడా? ఈ మండపంలో ఉన్నవన్నీ వేలాడేవే అయితే కప్పు ఎక్కడుంటుంది? స్తంభాల లెక్క పెంచితే లాభం లేదు, కోటి స్తంభాలు పెట్టినా, అంతులేనన్ని పెట్టినా, ఒక్కటీ నేలను తాకకపోతే మొత్తం కూలుతుంది. ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడుతూ ఎక్కడా ఆగకపోవడాన్నే మన తర్కంలో అనవస్థ అన్నారు. ఇక్కడ చాలామంది పొరపడతారు, దేవుడి వాదన అంటే "మొట్టమొదట ఎవరు మొదలుపెట్టారు" అనే ప్రశ్న అనుకుంటారు. అది కాదు. ప్రపంచానికి మొదలే లేదనుకోండి, ఎప్పటినుంచో ఉందనుకోండి, లైబ్నిజ్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఒక పుస్తకం ఎప్పటినుంచో ఉంది, ఒక్కో ప్రతినీ అంతకు ముందున్న ప్రతిని చూసే రాశారు అనుకోమంటాడు ఆయన. ఎంత వెనక్కి పోయినా "అసలు ఈ పుస్తకం ఎందుకు ఉంది, ఇలాగే ఎందుకు ఉంది" అన్నదానికి జవాబు రాదు. ఉండకపోయినా చెల్లే వస్తువులు ఎన్ని కలిపినా, అవి ఉండడానికి కారణం ఆ కుప్పలో దొరకదు. లేకపోవడానికి వీల్లేనిది ఏదో ఒకటి ఉండాలి.

లైబ్నిజ్‌కి సుమారు ఏడు వందల ఏళ్ల ముందే ఇబ్న్ సీనా అనే పర్షియా తత్వవేత్త ఇదే దారిలో నడిచాడు. దాదాపు అదే కాలంలో మన దగ్గర ఉదయనాచార్యుడు కుండకు కుమ్మరి ఉన్నట్టే ప్రపంచానికీ చేసినవాడు ఉన్నాడని న్యాయదర్శనం, అంటే మన తర్కశాస్త్రం, పద్ధతిలో వాదించాడు. కుమ్మరి వాదన నాకు అంతగా ఎక్కదు. అంతకు ముందే కుమారిలభట్టు, వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకుడు, సృష్టికర్తకు ఒళ్లుందా, ఉంటే ఆ ఒళ్లు ఎవరు చేశారు అని అడిగేశాడు. వేలాడే స్తంభం వాదనకు ఆ చిక్కు లేదు, అది చేసినవాణ్ణి కాదు, ఆధారాన్ని అడుగుతుంది.

ఇదంతా గుడి బయట, పెద్ద నంది దగ్గర చెట్టు నీడలో చెప్పాను. బావ సోడా తాగుతూ విన్నాడు, విని ఒక్క దెబ్బ కొట్టాడు. "మరి భూమిని ఎవరు మోస్తుండారప్పా? మన ముత్తాతలు నీలాగే ఆలోచించి కిందకి ఆదిశేషుణ్ణి పెట్టినారు. తీరా చూస్తే మోసేవాడే అక్కర్లేదు. నీ ప్రశ్నే తప్పు."

నిజం చెప్పాలంటే ఆ పూట నోరు మూతపడింది. బస్సులో పెనుకొండ దాటేదాకా ఆలోచించాను. తర్వాత తోచింది ఇది. ఆదిశేషుడు పోయాడు, బాగానే ఉంది, కానీ ఆ చోట "అది అంతే" అని ఎవరూ రాయలేదు కదా. గురుత్వాకర్షణ వచ్చి కూర్చుంది. పాత కారణం పోయి మెరుగైన కారణం వచ్చింది, కారణం అడగడం మాత్రం ఆగలేదు. అనంతపురంలో వాన ఎందుకు పడదు అంటే మా బావ పడమటి కనుమలు గీసి, నైరుతి మేఘాలు అవతలే కురిసిపోతాయి, మనం వానచాటున ఉన్నాం అని అరగంట చెప్తాడు. వేరుశనగ ఎండిన రైతుతో "కరువు, అంతే" అంటే ఒప్పుకోడు. అలాంటి మనిషి, మొత్తం విశ్వం దగ్గరికి వచ్చేసరికి "అది ఉంది, అంతే" అంటాడు. 1948లో బీబీసీ రేడియో చర్చలో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ కూడా ఇదే అన్నాడు కాబట్టి బావకు తోడు గట్టిదే. ప్రతి మనిషికీ తల్లి ఉంది కదా అని మనుషుల జాతికంతా ఒక తల్లి ఉండక్కర్లేదన్నాడు రస్సెల్. మాట పదునైనదే, కానీ స్తంభాల దగ్గర ఇది నడవదు. స్తంభాలన్నీ వేలాడేవైతే మండపమూ నిలవదు. విశ్వం ఏ రకం, తల్లుల రకమా, స్తంభాల రకమా? నేను స్తంభాల వైపు.

ఇంతటితో కదిరి నరసింహస్వామి రుజువైపోయాడని నేను అనడం లేదు. అంత అమాయకుణ్ణి కాదు. ఈ వాదన ఒక ఆధారం ఉండాలంటుంది, ఆ ఆధారం నా మొర వింటుందో లేదో చెప్పదు. నేను కదిరి వెళ్లేది వేరే కారణాలకు, అందులో మా అమ్మ ఒకటి.

ఈ ఆదివారం ఫోన్ చేసి ఇదంతా బావకు అప్పజెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ప్రతిదానికీ చాలినంత హేతువు ఉందంటివి. ఆ హేతువు లేకుండా పోవడానికి వీల్లేనిది అంటివి. అయితే దాన్నుంచి వచ్చేవన్నీ కూడా వచ్చి తీరాల్సిందేనా? నువ్వు మొన్న హిందూపురంలో పర్సు పోగొట్టుకున్నది కూడానా?" అన్నాడు. లైబ్నిజ్ కాలంవాడే అయిన డచ్ తత్వవేత్త స్పినోజా అయితే అవును అనేవాడు. లైబ్నిజ్ జీవితమంతా ఆ అవును నుంచి తప్పించుకోవడానికి తంటాలు పడ్డాడు. నేను మళ్లీ ఫోన్ చేస్తానని పెట్టేశాను, నాలుగు రోజులైంది, ఇంకా చేయలేదు.