వెనక్కి వాలితేనే నొప్పి

మేడ మీద దండెం దగ్గర బయటపడింది సంగతి. మా దండెం కాస్త ఎత్తు. పాప మునివేళ్ల మీద లేచి, చేతులు పైకి చాచి దుప్పటి వేయబోయి సగంలో ఆగిపోయింది. చెయ్యి నడుం మీదికి వెళ్లింది. "ఏమైందమ్మా?" అంటే "ఏం లేదమ్మా" అంది. కింద పడ్డ క్లిప్పులు మాత్రం వంగి చకచకా ఏరేసింది.

ముందుకు వంగితే ఏమీ లేదు. వెనక్కి కొంచెం వాలితే నొప్పి. నడుంనొప్పి అంటే వంగలేకపోవడమే అనుకునేదాన్ని, మా అత్తగారికి అలాగే ఉంటుంది మరి. అందుకే అంతకుముందు నెలన్నర పాటు పాప "నడుం పట్టేసింది" అన్నప్పుడల్లా నువ్వుల నూనె రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టి పంపేశాను. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే కండరం పట్టిందని ఐదు రోజులకి మాత్రలు రాశారు. మాత్ర వేసుకున్న రోజు నొప్పి తెలిసేది కాదు, ఆ రోజే జిమ్నాస్టిక్స్ హాల్లో వాక్ ఓవర్లు, అంటే వెనక్కి వంగి చేతులు నేలకి ఆనించి కాళ్లు తలమీదుగా తిప్పి లేవడాలు, ఎక్కువ చేసేది. జిల్లా పోటీలు దగ్గరపడ్డాయని నేనూ ఊరుకున్నాను. నొప్పిని కప్పిపెట్టి, నొప్పి తెచ్చిన పనే మళ్లీ చేయించాను. ఇది రాయడానికి కారణం అదే. ఇంకో తల్లి ఆ నెలన్నర పోగొట్టుకోకూడదు.

పాపకి పన్నెండేళ్లు. 2018లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా దూకే పోటీలో, కాంస్యం గెలిచింది. ఆ ఫొటో మా బీరువా తలుపు మీద ఉంటుంది. ఆటంటే దానికి అంత ప్రాణం. అంత ప్రాణం ఉన్న పిల్ల నొప్పి ఉందని చెప్పదు, చెబితే ఆపేస్తారని భయం.

దండెం దగ్గర అలా చూశాక ఆటగాళ్ల గాయాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఎక్కడ నొప్పి అని కాదు, ఎప్పుడు నొప్పి అని అడిగారు. ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వాలమన్నారు. కుడికాలి మీద నిలబడ్డప్పుడు పాప ముఖం మారిపోయింది. ఆ ఒక్క పరీక్షతో తేలదు, అయినా వదిలేయకూడదన్నారు. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో పూస ముందుకి జారలేదని తెలిసింది. ఎముకలో సన్నటి పగులు ఉన్నా మొదట్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చని ఎమ్మారై రాశారు. అందులో తేలింది: నడుములో ఐదో పూస, కుడివైపు, ఎముక లోపల వాపు, సన్నగా మొదలైన పగులు.

వెన్నుపూస వెనక భాగంలో పై కీలుకీ కింది కీలుకీ మధ్య ఒక సన్నటి ఎముక ఉంటుందట. వెనక్కి వంగిన ప్రతిసారీ, ఆ వంపులోనే దూకి నేలమీద దిగిన ప్రతిసారీ భారం దానిమీద పడుతుంది. మా ఆయన కట్టుబడి పనులు చేయిస్తారు. బైండింగ్ వైరుని అటూ ఇటూ వంచితే తెగినట్టు అని డాక్టరు అనగానే ఇంకేం అడగలేదు. నేను మాత్రం "మా పిల్లకే ఎందుకు?" అన్నాను. ఒక్క మీ పిల్లకే కాదమ్మా అన్నారు. 1976లో అచ్చయిన ఒక అధ్యయనంలో వందమంది ఆడపిల్ల జిమ్నాస్టులకి ఎక్స్‌రేలు తీస్తే 11 మందిలో అక్కడే పగులు కనిపించిందట. తొందరగా పట్టుకుంటే, ఒకవైపే ఉంటే అతుక్కునే అవకాశం బాగా ఉంటుందని చెప్పారు. దూకుళ్లు, వెనక్కి వంగడాలు మూడు నెలలు బంద్. కొందరికి నడుం బెల్టు కూడా ఇస్తారట, మాకు అవసరం లేదన్నారు.

రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, జ్వరం, కాళ్లలో తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా మర్నాటిదాకా ఆగకుండా రమ్మన్నారు. అది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి.

ఆ మూడు నెలల్లో నా కళ్లు తెరిపించింది ఫిజియో మేడమ్. పాప బ్రిడ్జి, అంటే చేతులూ కాళ్లూ నేలకి ఆనించి ఒంటిని వెనక్కి విల్లులా వంచడం, వేసిన పాత వీడియో నా ఫోన్లో ఉంటే, పక్కనుంచి తీసిన చోట ఆపి చూపించారు. ఒంపు విల్లులా వీపంతా పరుచుకోలేదు. భుజాలు తెరుచుకోలేదు, తొడల ముందు భాగం బిగుసుకుని ఉంది, మొత్తం వంపు నడుం దగ్గర ఒక్కచోటే విరిగినట్టుంది. ఆ ఏడాది పాప 8 సెంటీమీటర్లు పెరిగింది, తలుపు చట్రం మీద గీతలున్నాయి. ఎముక సాగినంత త్వరగా కండరాలు సాగక, భుజాలూ తుంటీ ఇవ్వని వంపుని నడుం ఇచ్చింది. మేమేమో "ఎంత మెత్తటి నడుమో" అని మురిసిపోయాం.

మొదట రోజువారీ పనుల్లో నొప్పి పూర్తిగా పోవాలి. ఆ తర్వాత పొట్ట, పిరుదుల కండరాలకి బలం. వెల్లకిలా పడుకుని నడుం నేలకి ఆనించి, ఎదురెదురు చెయ్యీ కాలూ నెమ్మదిగా దించడం. చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, పదోసారికి పాపకి చెమటలు పట్టేవి. ఒక మోకాలి మీద కూర్చుని తొడ ముందు భాగం సాగదీయడం, గోడకి చేతులు ఆనించి భుజాలు తెరవడం.

తిండి గురించి కూడా చెప్పాలి. ఆట మానితే లావెక్కుతుందని హాల్లో ఒకావిడ అంటే పాప అన్నం తగ్గించింది. ఎముక అతుక్కోవడానికి తిండే కావాలని డాక్టరు గట్టిగా చెప్పారు. రక్తపరీక్షలో డి విటమిన్ తక్కువగా వస్తే మందు రాశారు. రాగి సంకటి, గుడ్డు, పెరుగు, రోజూ. పదిహేనేళ్లు నిండినా నెలసరి మొదలవకపోతే ఆటవల్లే అని సరిపెట్టుకోకుండా చూపించుకోవాలని కూడా అన్నారు.

కోచ్ సార్‌కి చెప్పడానికి వెళ్లినప్పుడు నాకు భయమేసింది. "మా రోజుల్లో నొప్పితోనే చేశాం" అన్నారు ముందు. రిపోర్టు చూపిస్తే చాలాసేపు చూశారు. మర్నాటినుంచి పాప హాలుకి రావాలనీ, వంపు లేని పనులు చేయాలనీ ఆయనే చెప్పారు. తాడు పట్టుకుని ఎక్కడం, బీమ్ అనే సన్నటి దూలం మీద నడకలు, మిగతా పిల్లలు ఏది ఎన్నిసార్లు చేశారో లెక్క రాయడం. ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఏడ్చి ఏడ్చి చిక్కిపోయేది నా బంగారం.

ఆ లెక్కల పుస్తకంలోంచే మా పుస్తకం పుట్టింది. నొప్పి సున్నానుంచి పదిదాకా ఎంత, వెనక్కి ఎన్నిసార్లు వంగింది, పొద్దున లేచేసరికి ఎలా ఉంది. "నొప్పి ఉందా?" అని అడిగితే లేదంటుంది. "ఇవాళ ఏ అంకె?" అంటే ఆలోచించి నిజం చెబుతుంది. రెండు దాటితే మర్నాడు వంపులు లేవు, ఆ షరతు తనే పెట్టుకుంది. నాలుగో నెలలో డాక్టరు సరేనన్నాక కాళ్లు ఎత్తు మీద పెట్టి బ్రిడ్జి, తర్వాత మెత్తటి మ్యాట్ మీద రోజుకి మూడు వాక్ ఓవర్లు, ఒక్కో వారం కొంచెం పెంచుతూ.

ఈ వారం పది. నిన్నటి పేజీలో "నొప్పి 0. కుడి భుజం ఇంకా బిగుతు" అని రాసుకుంది. శనివారం మేడమ్‌ని ఆ భుజం సంగతి అడగాలి.